మూడో దీపం

ఇసోగాయ్ అన్నం గిన్నెలో మిసో చారు పోసుకున్నాడు. క్యాంటీన్‌లో మాటలు ఆగిపోయాయి.

పక్క బల్ల దగ్గర నలుగురు తినే పుల్లలు కింద పెట్టారు. ఒకడు టోపీ తీసుకుని బయటికి నడిచాడు. వంటామె వచ్చి ఇసోగాయ్ ముందున్న గిన్నె ఎత్తుకుపోయి వెనకవైపు మంచులో పారబోసింది. ఇంకో గిన్నెలో ఉత్త అన్నం తెచ్చి పెట్టింది.

"బయటివాళ్లకి తెలీదులెండి, ఇన్‌స్పెక్టర్ గారూ," అంది ఎదురుగా కూర్చున్న నర్సు ఫుసా. "చారు పోస్తే అన్నం కుప్పకూలుతుంది కదా, కింద సొరంగం కప్పూ అలాగే కూలుతుందని వీళ్ల భయం. లోపల ఈల కూడా వెయ్యరు. రెండు కొసలూ కలిసేదాకా ఆడదాన్ని అడుగు పెట్టనివ్వరు. కొండదేవత ఆడదేగా, ఇంకో ఆడదాన్ని చూస్తే ఓర్చుకోలేదట. ఈ మొహాన్ని చూసి ఏ దేవత కుళ్లుకుంటుందో చెప్పండి!"

ఎవరూ నవ్వలేదు. నవ్వకపోవడం ఇసోగాయ్ గుర్తుపెట్టుకున్నాడు. ఫుసాకి యాభై ఎనిమిదేళ్లు. ఇరవై ఏళ్లుగా సొరంగాల క్యాంపుల్లో పనిచేస్తోంది. ఆమె జోకు వేస్తే ఇంతమందిలో ఒక్కడైనా నవ్వాలి. వీళ్లు ఆమె వైపు చూడటం కూడా లేదు.

అది 1978 నవంబరు, సోమవారం మధ్యాహ్నం. కురోసె జలసంధి కింద ఎనిమిదేళ్లుగా తవ్వుతున్న రైలు సొరంగం మర్నాడు పొద్దున చివరి పేలుడుతో అవతలి ద్వీపం నుంచి వస్తున్న సొరంగాన్ని కలుస్తుంది. మంత్రిగారు వస్తున్నారు. నాలుగు రోజుల కిందట, గురువారంనాడు, ఇవతలి ముఠా పెద్దమేస్త్రి సెనో కంజి లోపల బండ విరిగిపడి చనిపోయాడు. ప్రమాదం అని కంపెనీ రాసింది. ప్రమాదం అనే పోలీసులూ రాసేవాళ్లే. శవాన్ని కోసిన డాక్టరు ఒప్పుకోలేదు.

ముఠాలో పదకొండు మంది. పదకొండు మందినీ ఇసోగాయ్ నిన్న విడివిడిగా అడిగాడు. పదకొండు మందీ ఒకే మాట చెప్పారు. "చిటికెలో పోయాడండీ." ఇంకో మాట లేదు. డాక్టరు మాత్రం సెనో కనీసం గంటసేపు బతికున్నాడని రాశాడు. తొడలో రక్తనాళం తెగింది. తువ్వాలుతో ఎవరో బిగించి కట్టారు, అది చాల్లేదు. చేతనైనవాళ్లు వచ్చి నాళాన్ని పట్టుకుని ఉంటే కాలు పోయేదేమో గాని మనిషి దక్కేవాడు.

చేతనైన మనిషి తన ఎదుటే కూర్చుని టీ తాగుతోంది.

"గురువారం మీరెక్కడున్నారు ఫుసా గారూ?"

"సొరంగం ద్వారం దగ్గర." కప్పు కింద పెట్టలేదు ఆమె. "మేస్త్రికి దెబ్బ తగిలిందని కబురొచ్చింది. బ్యాగు పట్టుకుని పరిగెత్తాను. బండిని దింపే వించ్ చూసుకునే హొరినౌచి 'ఆగమ్మా, పైకి తెస్తున్నారు' అన్నాడు. ఆగాను."

"ఎంతసేపు?"

"బ్యాగు కింద పెట్టలేదు నేను. చెయ్యి మొద్దుబారిపోయింది. అంతసేపు."

"లోపలికి పోనివ్వమని అడగలేదా?"

"అడగలేదు." ఆమె మొదటిసారి కప్పు లోంచి తలెత్తింది. "హొరినౌచి నన్ను పట్టుకుని ఆపలేదు బాబూ. ద్వారానికి అడ్డంగా దేవత పేర గడ్డితాడు కట్టి ఉంటుంది చూశారుగా, అదొక్కటే నా ముందు ఉంది. నడుం వంచితే కిందినుంచి దూరిపోవచ్చు. వంచాలని తోచనే లేదు. రాత్రి పడుకుంటే అదే కనబడుతోంది. ఎవరో ఆపారంటే తిట్టుకుందును. ఎవర్ని తిట్టుకోను?"

ఇసోగాయ్ ఉత్త అన్నం తిన్నాడు. ఆమే మళ్లీ మొదలుపెట్టింది.

"ఆవేళ పొద్దున్నే నా దగ్గరికి వచ్చాడాయన. మూడు రోజులుగా గొంతు మొత్తం పోయింది. దుమ్ము. లోపలికంటా అయోడిన్ రాసి, వారందాకా ఒక్క మాట మాట్లాడినా ఊరుకోనన్నాను. నా అరచేతి మీద సుద్దముక్కతో 'సరే' అని రాశాడు. పెళ్లాం బతికుంటే నాకు కిమోనో పెట్టేదేమో, ఆ నోరు మూయించినందుకు." ఆమె నవ్వబోయి ఆగింది. "ఆ సుద్ద గురువారం సాయంత్రం దాకా చేతికి ఉంది. కడుక్కోలేదు."

*

ఏటవాలు సొరంగం లోంచి మనుషుల బండి దిగుతుంటే ఇసోగాయ్ చెవులు మూసుకుపోయాయి. పక్కన ఉపమేస్త్రి తోకితా కూర్చున్నాడు. ముప్పయ్యయిదేళ్ల మనిషి, మెడ మీద ఉడుకునీళ్ల మచ్చ. పైన వించ్ గదిలో ఉన్న ముసలి హొరినౌచి బండి వదిలేటప్పుడు పోలీసు వైపు చూడకుండా, మీట వైపే చూస్తూ వదిలాడు.

"నాలుగింటికి కాంక్రీటు పని మొదలెడతారట," అన్నాడు ఇసోగాయ్.

"అవునండీ. రేపు మంత్రిగారు నడిచే దారి కదా. గోడలు శుభ్రంగా ఉండాలంటున్నారు."

"మేస్త్రి పోయిన చోటు కూడానా?"

"అది ముందు."

ఇసోగాయ్ గడియారం చూసుకున్నాడు. ఒంటిగంట దాటింది.

సెనో చనిపోయింది తవ్వకం కొసలో కాదు, దానికి వెనక ఉన్న అడ్డసొరంగంలో. ముఠా అంతా కొసలో ఉంటే మేస్త్రి ఒక్కడే అక్కడెందుకున్నాడన్న ప్రశ్నకి కంపెనీ కాగితాల్లో జవాబు లేదు. బల్ల అంత బండ ఇంకా అక్కడే ఉంది. జాకీలు పెట్టి ఎత్తిన గుర్తులున్నాయి. ఇసోగాయ్ పైకప్పుకి దీపం పట్టి చూశాడు. బండ ఊడిన చోటు పాతపగులు, లోపలిదాకా నల్లగా తడిసి ఉంది. దాన్ని ఎవరూ తొయ్యలేదు. తనంత తానే పడింది.

తర్వాత గోడ చూశాడు. మోకాలెత్తులో సుద్దతో గీసిన సున్నాలు. ఒక్కోదాని పక్కన తేదీ.

"ఇవేంటి?"

"చెమ్మ కనబడ్డ చోటల్లా మేస్త్రి గీసేవాడండీ. తర్వాత పెరిగిందా తగ్గిందా చూసుకోడానికి."

"చెమ్మ అంటే కొండ నీళ్లా, సముద్రమా?"

తోకితా వేలితో తుడిచి నాలిక మీద పెట్టుకున్నాడు. ప్యాంటుకి చెయ్యి తుడుచుకున్నాడు. ఇసోగాయ్ కూడా వేలు పెట్టి చూశాడు. ఉప్పన.

సున్నాలు గోడ వెంట వరసగా ఉన్నాయి. ముందుకి వెళ్లేకొద్దీ దగ్గరదగ్గరగా ఉన్నాయి. ఇసోగాయ్ వాటి వెంటే నడిచాడు. అడ్డసొరంగం మలుపు తిరిగిన చోట పంపు గది ఉంది. దాని తలుపుకి కొంచెం ఇవతల సున్నాలు ఆగిపోయాయి. అక్కణ్ణించి గోడకి కొత్త సిమెంటు పూసి ఉంది. గోటితో గీకితే పొడి రాలింది. నాలుగైదు రోజుల నాటిది.

"ఇది మీరు పూశారా?"

"మా పని కాదండీ."

"మరెవరు?"

"ఎవరో కంపెనీవాళ్లు. మాకు చెప్పరు." తోకితా పంపు గది పక్కనున్న ఇనప తలుపు చూపించాడు. "వాళ్లు మాలాగ వించ్ బండిలో రారు. నిలువు బావిలో లిఫ్టుంది, అది పైన ఆఫీసు వెనకాల తేలుతుంది. ఎప్పుడు వస్తారో ఎప్పుడు పోతారో మాకు తెలీదు."

పంపు గదిలో మనిషి లేడు. పంపులు వాటంతటవే ఆడుతున్నాయి. తలుపు పక్కన గోడకి ఫోను. కొసలో ఉన్న ఫోను లాంటిదే.

"దీన్నెవరు వాడతారు?"

"ఎవరైనా. లోపలున్న ఫోన్లన్నిటికీ ఒకటే తీగ. ఇక్కడ ఎత్తితే కొసలో మాట్లాడేది వినబడుతుంది. కుర్రాళ్లు పెళ్లాలతో మాట్లాడుతుంటే వినడానికి ఎత్తేవాళ్లు. మేస్త్రి తిట్టేవాడు."

ఇసోగాయ్ తిరిగి బండ దగ్గరికి వచ్చి దాని మీద కూర్చున్నాడు. తోకితాని కూర్చోమనలేదు.

"తువ్వాలు కట్టింది నువ్వే కదా?"

తోకితా చెయ్యి మెడ దగ్గరికి పోయింది.

"నీలం చారల తువ్వాలు. అలాంటిదే ఇంకోటి నీ మెడలో ఉంది. చిటికెలో పోయిన మనిషి కాలికి కట్టెందుకు కట్టావు?"

"సార్..."

"గంటసేపు బతికున్నాడు. ఆ గంటసేపూ మీరంతా చుట్టూ ఉన్నారు. పదకొండు మంది కలిసి దాస్తున్నారంటే ఒకణ్ణి కాపాడుతున్నారన్నమాట. ఎవర్ని?"

"ఎవర్నీ కాపాడటం లేదు సార్." తోకితా గొంతు పైకి లేచి, మళ్లీ దిగిపోయింది. "మేం... మా మొహాలే కాపాడుకుంటున్నాం."

ఇసోగాయ్ ఆగాడు. ఎదుటివాడి సిగ్గు పట్టుకుని ఊరికే కూర్చుంటే చాలని అతనికి చాలా ఏళ్ల కిందట ఒకాయన నేర్పాడు.

"కాలు బండ కింద ఇరుక్కుపోయింది," అన్నాడు తోకితా. "కట్టు కట్టి, జాకీల కోసం కొస దగ్గరికి పరిగెత్తి, అక్కణ్ణించే పైకి ఫోను చేశాను. 'మేస్త్రికి దెబ్బ తగిలింది, నర్సమ్మని దింపు' అన్నాను. 'ఆడమనిషినా?' అన్నాడు హొరినౌచి. 'నువ్వు దింపు, దేవతకి నేను చెప్పుకుంటా' అన్నాను. సరేనన్నాడు. జాకీలు పెట్టి ఎత్తుతూనే ఉన్నాం. బండి చప్పుడు వినబడలేదు. మళ్లీ ఫోను చేస్తే మోగనే లేదు. కావాలనే ఎత్తడం లేదనుకున్నాం. ఒకణ్ణి నడిపించి పంపాం. ఆ ఎక్కుడు మీరు చూశారుగా, వాడు పైకి చేరేసరికి ఇక్కడ అయిపోయింది."

"అంటే హొరినౌచి ఆమెని ఆపేశాడు."

"అదే కదా సార్ నియమం! ఆయన్ని ఏమని తిట్టమంటారు? పోయినేడు మా ఆవిడ, నెల తప్పి అయిదు నెలలు, రక్తం పోతోందని నాకు చెప్పడానికి ద్వారం దాకా వచ్చింది. వాన వచ్చి రెండడుగులు లోపలికి జరిగింది. నలుగురిలో అరిచి వెనక్కి తోశాను నేను. హొరినౌచిదైతే తప్పు, నాదైతే కాదా? పోలీసులకి చెబితే పేపర్లో పడుతుంది. ఆడమనిషిని రానివ్వక సొంత మేస్త్రిని చంపుకున్నారని. అందుకే అనుకున్నాం, చిటికెలో పోయాడని చెబుదామని. ఎవరూ 'అలా చెబుదాం' అని పైకి అనలేదు కూడా. ఒకడన్నాడు, అందరం అదే అన్నాం."

"ఈ సంగతి హొరినౌచిని అడిగారా?"

"ఎలా అడుగుతాం? అప్పణ్ణించి ఆయన మా వైపు చూడడు, మేం ఆయన వైపు చూడం."

"ఆ గంటలో సెనో ఏమైనా అన్నాడా?"

"గొంతు లేదు కదండీ. నా చొక్కా పట్టుకుని పంపు గది వైపు వేలు చూపించాడు. ఫోను చెయ్యమంటున్నాడనుకున్నా. 'చేశాను మేస్త్రీ, వస్తోంది' అన్నాను." తోకితా మొహం పక్కకి తిప్పుకున్నాడు. "వస్తోంది, వస్తోంది అంటూనే ఉన్నాను."

*

పైన ఆఫీసులో కిరోసిన్ పొయ్యి వెలుగుతోంది. కుర్చీలో కంపెనీ భద్రతాధికారి మునకాత కూర్చుని చేతులు కాచుకుంటున్నాడు. మూడేళ్ల కిందట వరకు పోలీసు సూపరింటెండెంటు. ఇసోగాయ్‌కి ఉద్యోగం నేర్పింది ఆయనే.

"ఏమోయ్ ఇసోగాయ్! బురదలో దిగావట. భార్య తిట్టదూ, ఆ బూట్లతో ఇంటికెళితే?"

"కాంక్రీటు పని రెండు రోజులు ఆపాలి సార్."

"ఆపాలా? ఎవడబ్బ సొమ్మని? రేపు పొద్దున మంత్రి వస్తున్నాడు. నీ బాసుకి చెప్పు ఆపమని, ఆయన చెబితే ఆపుతాను. చెప్పడులే."

"సెనో గంటసేపు బతికున్నాడు."

"ఉన్నాడు. అయితే?" మునకాత ఏమాత్రం తడబడలేదు. "నాకు తెలీదనుకున్నావా? మనుషుల్ని చూస్తే తెలియదూ? ఒక్కడైనా తలెత్తి నడుస్తున్నాడా? వాళ్ల పిచ్చినమ్మకంతో వాళ్ల మనిషిని వాళ్లే పోగొట్టుకున్నారు. నువ్వు వెళ్లి ఆ పుండు కెలికి ఏం సాధిస్తావ్? ఎవర్ని అరెస్టు చేస్తావ్, కొండదేవతనా?"

"పంపు గది దగ్గర గోడకి కొత్త సిమెంటు ఎవరు పూయించారు?"

"గోడకి సిమెంటు పూస్తే నేరమా ఇప్పుడు? రేపు మంత్రికి చెమ్మగోడ చూపించమంటావా?"

"సముద్రం నీళ్లు సార్ అవి."

"సముద్రం కింద తవ్వితే సముద్రం నీళ్లు కాక సాకె సారాయి కారుతుందేమిటోయ్?" మునకాత నవ్వాడు. పొయ్యి మీది కెటిల్ దించి రెండు కప్పుల్లో టీ పోశాడు. గొంతు మెత్తబడింది. "చూడు, ఆ ముసలి హొరినౌచిని కోర్టుకీడిస్తే ఉరేసుకుంటాడు. నర్సు కూడా బతకదు. ఎందుకయ్యా? ఎవరో ఆపారని కాదు, సెనోయే వద్దన్నాడు. ఆడమనిషి లోపలికి రావడం కన్నా చావే నయమనుకునే రకం. తన చావు తను కోరి తెచ్చుకున్నాడు. రాసెయ్, ప్రమాదం అని."

ఇరవై ఏళ్లుగా ఈ మనిషి ముందు మాట తడబడని రోజు ఇసోగాయ్‌కి లేదు. ఇవాళ చేతిలో ఒక ముక్క ఉంది. వాడాలనిపించింది.

"ఎలా వద్దంటాడు సార్? మూడు రోజులుగా ఆయనకి గొంతే లేదు. ఆ పొద్దున్నే నర్సు ఫుసా చూసింది, ఒక్క మాట పెగల్లేదట. రేపు కోర్టులో ఆమే చెబుతుంది."

మునకాత టీ తాగబోతూ ఆగాడు. ఎక్కువసేపు కాదు.

"ఓహో," అన్నాడు. "నర్సు చెప్పిందా. మంచిది. నీకు పాఠాలు వంటబట్టాయోయ్."

ఆ మెప్పుకి ఇసోగాయ్ ఛాతీ కొంచెం పొంగింది. తర్వాత దాన్ని తలుచుకున్నప్పుడల్లా అతనికి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

పక్క గదిలోకి వెళ్లి జిల్లా కేంద్రానికి ఫోను చేశాడు. లైను దొరకడానికి చాలాసేపు పట్టింది. పై అధికారి సమావేశంలో ఉన్నాడన్నారు. ఉండమన్నారు. ఉన్నాడు. చివరికి ఆయన లైన్లోకి వచ్చి, కాంక్రీటు ఆపడానికి కారణం ఏమిటన్నాడు. సుద్దగీతలు, ఉప్పునీళ్లు అని చెబుతుంటే ఇసోగాయ్‌కే తన మాట పేలవంగా వినిపించింది. మనిషిని తెచ్చుకో, గోడల్ని కాదు అని ఆయన పెట్టేశాడు.

బయటికి వచ్చేసరికి మునకాత కుర్చీ ఖాళీగా ఉంది. రెండో కప్పులో టీ చల్లారిపోయింది. గడియారంలో మూడున్నర.

*

హొరినౌచి వించ్ గదిలో స్టూలు మీద కూర్చున్నాడు. ఎదురుగా చెక్క మీద లోపలి ఫోన్లకి ఒక్కోటి చొప్పున అయిదు చిన్న దీపాలు, కింద ఒక ఫోను. ఇసోగాయ్ తలుపు వేసి, దానికి ఆనుకుని నిలబడ్డాడు.

"తాతా, తోకితా అంతా చెప్పేశాడు. వాళ్లు నీ మీద కోపంగా లేరు. లోపల ఫోను చేసి, నువ్వు ఎత్తలేదనుకున్నారు. అంతే."

ముసలివాడు వినగానే మెడ తిప్పాడు. "ఎత్తలేదా? మోగితేగా ఎత్తడానికి!"

"మోగలేదా?"

"ఎలా మోగుతుంది? లైను తీసే ఉంది కదా. దీపం వెలుగుతూనే ఉంది." ఆగిపోయాడు. చెప్పకూడనిది చెప్పానని అతని చేతులకి తెలిసింది. అవి మోకాళ్ల మీదికి జారాయి.

"ఏ దీపం?"

హొరినౌచి మళ్లీ చెక్క వైపు తిరిగాడు. దీపాలతో మాట్లాడుతున్నట్టు మాట్లాడాడు.

"చచ్చిపోయినవాడి మీద నెపం వెయ్యడం ఇష్టం లేక ఇన్నాళ్లూ నోరు మూసుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. నర్సమ్మకి చెప్పలేదు. మా ఇంట్లో చెప్పలేదు. తోకితా దింపమన్నాడు, నిజమే. దింపుదామనే గడ్డితాడు విప్పబోయాను. రెండు నిమిషాలైనా కాలేదు, మళ్లీ ఫోను. 'సెనోని మాట్లాడుతున్నా' అన్నాడు. 'చిన్న దెబ్బే. ఆ కుర్రాడు కంగారుపడ్డాడు. ఆడమనిషిని దింపకు, అమ్మకి కోపం తెప్పించకండి. నేనే పైకొస్తాను' అన్నాడు. మేస్త్రి మాట కదా అని తాడు మళ్లీ కట్టేశాను. మేస్త్రే మొండిపట్టు పట్టి ప్రాణం తీసుకున్నాడని లోకానికి చెప్పమంటారా? పైగా చిన్న దెబ్బంటే నేను నమ్మాను. నమ్మి నర్సమ్మని బ్యాగుతో సహా నిలబెట్టాను."

"గొంతు ఎలా ఉంది?"

"ఎలా ఉంటుంది, గట్టిగానే ఉంది. సొరంగంలోంచి ఎవరు మాట్లాడినా డబ్బాలోంచి మాట్లాడినట్టే ఉంటుంది."

"సెనోకి మూడు రోజులుగా గొంతు లేదు తాతా. కాలు బండ కింద ఉంది. ఫోను దాకా వెళ్లలేడు."

హొరినౌచి కళ్లు ఫోను మీదికి పోయాయి.

"ఏ దీపం వెలిగింది?"

"తోకితా చేసినప్పుడు అయిదు. అది కొస." వేలు మూడో దీపం మీదికి జరిపాడు. "రెండోసారి మూడు. పంపు గది. అది ఆరలేదు. మేస్త్రి ఫోను సరిగ్గా పెట్టలేదనుకున్నాను. నడిచొచ్చిన కుర్రాడు ఏడుస్తూ లోపలికి వచ్చేదాకా అది వెలుగుతూనే ఉంది."

బండ ఎవరి చేతిలోనూ లేదు. ఆ గంట మాత్రం ఒకరి చేతిలో ఉంది. గోడ మీది సున్నాలు తుడిచి సిమెంటు పూయించడానికి నిలువు బావిలోంచి దిగిన మనిషి, తోకితా కేకలు వినబడి ఫోను ఎత్తి, నర్సు వస్తోందని విని, ఆ నర్సుని ఆపడానికి ఏ మాట చాలో తెలిసిన మనిషి. సెనో బతికి ఆ చెమ్మ సంగతి బయటపెట్టకూడదని ఆ మాట చెప్పి, లైను ఇంకెవరికీ దొరక్కుండా ఫోను పెట్టకుండా వదిలేశాడు. ఆ తర్వాత అతను ఏమీ చెయ్యనక్కర్లేదు. లోపలివాళ్లు పైవాళ్లనీ, పైవాళ్లు చచ్చిపోయినవాణ్నీ తప్పుపట్టుకుని, ఒకరి మొహం ఒకరు చూడలేక, అతని పని వాళ్లే చేసిపెట్టారు.

*సెనోయే వద్దన్నాడు.*

అది మునకాత మాట. హొరినౌచి ఆ ఫోను సంగతి ఎవరికీ చెప్పలేదు. సెనో వద్దన్నట్టు తెలిసిన మనిషి ప్రపంచంలో ఇంకొక్కడే ఉంటాడు. గంటన్నర కిందట పొయ్యి పక్కన కూర్చుని ఆ మనిషి తన నోటితో తనే చెప్పాడు. ఇసోగాయ్ మాత్రం దాన్ని పట్టించుకోలేదు. గెలుద్దామన్న తొందరలో, సాక్షి పేరు చెప్పి, ఎక్కడుంటుందో కూడా చెప్పినంత పని చేశాడు.

"తాతా, ఫుసా గారెక్కడ?"

"లోపల."

"లోపలంటే?"

"సొరంగంలో." హొరినౌచి లేచి నిలబడ్డాడు. "ఇందాకే దింపాను. మునకాత గారు ఫోను చేశారు. కాంక్రీటు పడకముందు మేస్త్రి పోయిన చోట అగరువత్తి వెలిగించుకోనివ్వు, కింద నేనుండి తీసుకెళతాను, ఇంకెవరికీ చెప్పకు అన్నారు. మనసున్న మనిషి అనుకున్నాను. తాడు నా చేత్తో నేనే విప్పాను. ఇంకోసారి ఆ మనిషిని ఆపడానికి నాకు మొహం చెల్లలేదు సార్. తాడు దాటేటప్పుడు ఆమె నాకు దణ్ణం పెట్టింది."

"ఎక్కణ్ణించి చేశాడు?"

ఇద్దరూ దీపాల వైపు చూశారు.

"మూడు," అన్నాడు హొరినౌచి.

ఆ మాట ఇంకా గదిలో ఉండగానే మూడో దీపం వెలిగింది. ఫోను మోగింది.

ఇసోగాయ్ వేలు పెదవుల మీద పెట్టుకుని సైగ చేశాడు. ముసలివాడు ఫోను ఎత్తి ఇద్దరి చెవులకీ మధ్య పట్టుకున్నాడు. పంపుల హోరు. దాని మీంచి ఒక గొంతు, డబ్బాలోంచి వచ్చినట్టు.

"హొరినౌచీ, వించ్ ఆపెయ్. నర్సు నిలువు బావిలోంచి పైకి వచ్చేస్తుంది, నువ్వు చూసుకోనక్కర్లేదు. కాంక్రీటువాళ్లు వచ్చేదాకా ఇంకెవర్నీ దింపకు. పోలీసు అడిగినా సరే. రెండు కొసలూ కలవబోతున్నాయి. అమ్మకి కోపం తెప్పించకండి."

హొరినౌచి కళ్లు ఇసోగాయ్ కళ్లలోకి సూటిగా చూశాయి. నాలుగు రోజుల్లో అతను ఒక మనిషి మొహం చూడటం అదే మొదలు.

"ఇదే," అన్నాడు పెదవులతో. "ఇదే గొంతు."

"వినబడిందా?" అంది ఫోను.

హొరినౌచి ఫోనుని బల్ల మీద, పెట్టాల్సిన చోట కాకుండా పక్కన పెట్టాడు. మూడో దీపం వెలుగుతూనే ఉంది. ఇసోగాయ్ అప్పటికే తలుపు తీసి బండి వైపు పరిగెడుతున్నాడు. ద్వారానికి ఒక పక్కన, విప్పిన గడ్డితాడు బురదలో పడి ఉంది. బండి అంచు పట్టుకుని లోపలికి దూకుతుండగా వెనక మీట పడిన చప్పుడు వినబడింది, బండి ఎప్పుడూ వదలనంత వేగంతో కదిలింది.

వించ్ గదిలోంచి ముసలివాడి గొంతు, నియమం అంతా మరిచిపోయి, సొరంగంలోకి అరిచింది:

"నర్సమ్మా! వస్తున్నారమ్మా! ఈసారి వస్తున్నారు!"